అరువు తెచ్చుకున్న కుంటి నడక

నేను ఎట్లా నడుస్తానో చాలా ఏళ్ళు నాకు తెలియదు. అద్దంలో మొహం కనిపిస్తుంది గానీ నడక కనిపించదు కదా. ఒకనాడు పొద్దున మా క్వార్టర్ వెనక పెరట్లో గిన్నెలు కడుగుతూ తలెత్తితే, నా నడక నాకే ఎదురొస్తోంది. అది మా ఆయన కాళ్ళ మీద ఉంది.

కుడి కాలు ఈడుస్తున్నాడు. అడుగు పడే ముందు కుడి చెయ్యి తొడ మీద ఆనిస్తున్నాడు. భుజం ఒక పక్కకు వాలుస్తున్నాడు. జామ మొక్క దగ్గర్నుంచి నీళ్ళ తొట్టి దాకా వచ్చాడు, తిరిగాడు, మళ్ళీ పోయాడు. ప్లాస్టిక్ కుర్చీలో మా బావ, అంటే మా ఆయన అన్న, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని పాఠం చెబుతున్నాడు.

"నడుము వంచకురా తమ్మీ. నడుము వంచితే ముసలోని లెక్క ఉంటది, కుంటోని లెక్క ఉండది. చెయ్యి తొడ మీద పడాలె. మరదలు దిక్కు చూడు. ఆమె కావాలని చేస్తదా? దానంతట అదే పడ్తది."

మా ఆయన నా వైపు చూశాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, చెయ్యి ఎక్కడ పడుతుందో చూస్తున్నాడు.

"బావా, చాయ్‌ల చక్కెర సరిపోయిందా?" అని అడిగాను.

"సరిపోయింది మరదలా. జర తొట్టి దాక ఒక్కసారి నడిచి చూపియ్యరాదు."

గిన్నెలు బోర్లించి లోపలికి పోయాను. నడవకుండా పోవడం నాకు రాదు కాబట్టి నడిచే పోయాను. వెనక నుంచి బావ గొంతు వినిపించింది: "చూసినవా? గదీ."

ఇది అర్థం కావాలంటే మా బతుకు కొంచెం చెప్పాలి. గోదావరిఖనిలో బాయి అంటే నీళ్ళ బాయి కాదు, బొగ్గు గని. బాయి పని చేసే మనిషి జబ్బు వల్ల ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఇంట్లో వారసుడికి ఉద్యోగం దొరుకుతుంది. దాన్ని మావాళ్ళు ఒక్క మాటలో అన్‌ఫిట్ అంటారు. నిజంగా ఊపిరి చెడినవాళ్ళకి, బండ పడి నడుం విరిగినవాళ్ళకి అది దేవుడిచ్చిన నీడ. అట్లాంటి ఇళ్ళు నాకు తెలుసు, వాళ్ళ ముందు నేను గొంతు కూడా పెంచను. నేను చెప్పేది గుండ్రాయిలా ఉండి జబ్బు కోసం వెతుక్కునేవాళ్ళ గురించి.

ఒంట్లో బాగుండటం పోగొట్టుకోకూడని వస్తువని నేను పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాను. వీళ్ళకేమో అది అడ్డు. మా క్వార్టర్ల లైన్‌లో ఆడవాళ్ళు నల్లా దగ్గర కలిస్తే కూర ఏమిటని అడగరు. ఒకరోజు పక్కింటి వదినె మొహం వెలిగిపోతోంది.

"మా ఆయనకు షుగర్ మంచిగ పెరిగింది వదినె, ఎల్లమ్మ దయ. బీపీ గూడ వస్తె ఇగ ఫికర్ లేదు."

"బీపీ రాకుంటెనో?"

"ఎందుకు రాదు. రెండు పూటల పచ్చడే పెడుతున్న."

నిండిన బిందె ఎత్తుకుని ఆమె ఎంత తృప్తిగా పోయిందో చెప్పలేను. కొత్త కోడలు కడుపుతో ఉన్నదన్న కబురు చెప్పినట్టే ఉంది.

నాకు ఊహ తెలియకముందే జ్వరం తగిలి కుడి కాలు సన్నబడిపోయింది. బడికి అంత దూరం నడవలేనని మా అమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. మా నాయన కూడా బాయి మనిషే. పొయ్యిలోకి తెచ్చిన బొగ్గు మూలన ఎప్పుడూ ఉండేది. ఆ బొగ్గు ముక్క పట్టించి గచ్చు మీద అక్షరాలు రాయించేది. గచ్చు నిండితే తడిబట్టతో తుడిచి మళ్ళీ మొదలు. అక్షరాలు వచ్చాక మందిరంలో పాడే పాటల పుస్తకం, ఆ తర్వాత బైబిలు. నా చదువంతా అంతే, అది నాకు చాలింది.

రోజూ పొద్దున మంచం దిగకముందు అమ్మ ఒక పని చేయించేది. ముందు మంచి కాలు మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెప్పాలి. తర్వాత సన్న కాలు మీద పెట్టి చెప్పాలి. మంచి దానికి సరే, దీనికెందుకని ఒకసారి మొండికేశాను. "దాని చేతనైనంత అది మోస్తలేదా? ఎక్కువ చేతనైనదాన్నే మెచ్చుకుంటమా?" అంది. ఇప్పటికీ పొద్దున నా చెయ్యి ఆ తొడ మీదికి పోతుంది. నడిచేటప్పుడు పడేది కూడా ఆ చెయ్యే.

బావ తన తమ్ముడికి నేర్పించింది ఆ చెయ్యినే.

ఈ తమ్ముడు ఒకప్పుడు వేరే మనిషి. నన్ను చూసిపోయాక, కాలు అట్లుందిరా అని వాళ్ళమ్మ నసిగితే, "కాలుతోని కాపురం చేస్తనా?" అన్నాడట. ఆ ఒక్క మాట ఎవరో మోసుకొచ్చి నాకు చెప్పారు. దాని మీద నేను ఇన్నేళ్ళు సంసారం చేశాను. బాయిలో ఆయనది సపోర్ట్ పని, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. గోడలాంటి వీపు. ఏటవాలు దారిలో కిందికి దిగి పైకెక్కి వచ్చే కాళ్ళు. డ్యూటీ నుంచి వచ్చి రెండు బిందెలు రెండు చేతుల్లో ఎత్తుకొచ్చేవాడు. అట్లాంటి ఒళ్ళు ఇచ్చినందుకు నేను ఆయన తరఫున కూడా స్తోత్రం చెప్పేదాన్ని, ఆయనకు ఆ అలవాటు లేదు కాబట్టి.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను. "ఇంకో నడక దొరకలేదా?"

"కొడుకు కోసమే కదనే."

"కొడుకు కోసమైతే నీ నడక పాడు చేసుకో. నాదెందుకు?"

"అన్న చెప్పిండు, చూసి నేర్చుకుంటె జల్ది వస్తదని."

కొడుకు డిగ్రీ అయిపోయి పక్క గదిలో ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. అక్కడి నుంచే అన్నాడు, "బాపు, బయటికి పోయేటప్పుడు కట్టె మర్చిపోకు." తండ్రి ఎప్పుడు కూలబడతాడా అని కాచుకుని కూర్చున్న కొడుకుని కన్నందుకు, ఆ పూట నేను ఎవరికీ స్తోత్రం చెప్పలేదు.

నటన బయటి వరకే అనుకున్నాను. కానీ బయట నటిస్తే లోపల కూడా నటించాలి. ఇరుగుపొరుగులో ఎవరైనా చూసి కంపెనీ వాళ్ళకి చెబితే? అందుకని వాకిట్లో కుంటాడు. తర్వాత కిటికీ ఉన్న గదిలో కుంటాడు. తర్వాత కిటికీ లేని గదిలో కూడా, అలవాటు తప్పకూడదని. డ్యూటీకి పోవడం తగ్గిపోయింది. పెరట్లో రేకుల కింద మంచం వేసుకున్నాడు. పళ్ళెం అక్కడికే, నీళ్ళు అక్కడికే. కుంటిదాన్ని నేను, మోసేదీ నేనే. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడితే మా ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి. ఆ గిన్నెలు కదిలినంత కూడా ఆయన కదిలేవాడు కాదు.

ఆ చలికాలంలోనే కాలనీ హాల్లో ఎవరో వ్యక్తిత్వ వికాసం చెప్పే మనిషిని పిలిపించారు. కష్టాల్లోంచి బలం తెచ్చుకోవడం ఎట్లాగో ప్రకృతిని చూసి నేర్చుకోవాలట. నున్నగా దువ్విన జుట్టు, చెవి దగ్గర మైకు. గద్ద కథ చెప్పాడు. ముసలిదయ్యాక గద్ద కొండ మీదికి పోయి, ముక్కు బండకేసి కొట్టుకుని, గోళ్ళు పీక్కుని, కొత్తవి మొలిచేదాకా ఓపిక పట్టి, మళ్ళీ పడుచుదై ఎగురుతుందట. హాలంతా చప్పట్లు.

మా ఇంటి నుంచి చూస్తే ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు కనిపిస్తాయి. వాటి మీద గద్దలు తిరుగుతూనే ఉంటాయి. ముక్కు పోయిన గద్ద ఏం తింటుంది? చస్తుంది. దేవుడు సరిగ్గా పెట్టి పంపిన ముక్కును బండకేసి కొట్టుకునేంత తెలివితక్కువ పని గద్ద చెయ్యదు. అది మా లైన్‌లో మగవాళ్ళు చేస్తారు.

అంతలో ఆ మనిషి కళ్ళు నా మీద పడ్డాయి. నేను ఆలస్యంగా వచ్చి, కుర్చీ దాకా నడవడం చూసినట్టున్నాడు. "ఈ తల్లిని చూడండి. విధిని ఎదిరించి నిలబడిన మహిళ. ఒక్కసారి లేవండమ్మా," అన్నాడు. ఏ విధినీ ఎదిరించలేదు నాయనా, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను, అందామనుకున్నాను. చేతిలో మైకు లేదు. లేచి నిలబడ్డాను. పక్కన కట్టె పట్టుకుని కూర్చున్న మా ఆయన కూడా ఆ మైకు మనిషి కంటపడ్డాడు. "భర్త కూడానా," అని గొంతు వణికించాడు. "ఒకరికొకరు ఊతం. ఇదే కదండీ ప్రకృతి నేర్పే పాఠం."

మా ఆయనను కూడా లేపి నిలబెట్టారు. ఆయన లేచాడు, తొడ మీద చెయ్యి పెట్టుకుని. ముందు వరుసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. బావ ఫోన్‌లో ఫోటో తీశాడు.

"పనికొస్తది తమ్మీ. బోర్డుకు చూపియ్యొచ్చు."

ఆ ఫోటోలో మేమిద్దరం ఒకే పక్కకు ఒరిగి ఉంటాం. చూసినవాళ్ళకి జతకుదిరినట్టే ఉంటుంది.

బోర్డు రోజు వచ్చింది. అన్నదమ్ములిద్దరూ తెల్లారకముందే బస్సెక్కి పోయారు. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరి మొహాలూ చావింటి నుంచి వచ్చినట్టున్నాయి. ఏమైందో మా ఆయనే చెప్పాడు, గోడ వైపు తిరిగి.

డాక్టర్ నడవమన్నాడట. నడిచాడు. ఇంకోసారి నడవమన్నాడట. ఇంకోసారి నడిచాడు. కాలు పట్టుకుని మోకాలు వంచి చూసి, పిక్క నొక్కి, "కాయితంల మోకాళ్ళ నొప్పి అని ఉన్నది. నువ్వు నడిచేదేమో చిన్నప్పుడు పోలియో వచ్చినోని లెక్క నడుస్తున్నవ్. పోలియో వస్తె కండ ఉండది. నీకు కండ మంచిగున్నది. ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?" అన్నాడట.

"నువ్వేమన్నవ్?"

"మా ఇంటామెకు ఉన్నదన్న."

"ఏమన్నడు మరి?"

"నవ్విండు. నీకేం కాలేదు, దేవునికి దండం పెట్టుకొని డ్యూటీకి పో అన్నడు."

ఆ డాక్టర్ ఎవరో నాకు తెలియదు. ఆయన పిల్లలు చల్లగా ఉండాలి. మనిషికి రోగం లేదని తెలిసి ఏడ్చిన ఇల్లు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటుందా? మా లైన్‌లో వాళ్ళు పరామర్శకు వచ్చారు. పక్కింటి వదినె నా చెయ్యి పట్టుకుని, "ధైర్యంగ ఉండు వదినె, వచ్చేసారి వస్తది," అంది, రోగం గురించి. నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకుని, మెల్లగా, పాటల పుస్తకం చూడకుండా వచ్చిన పాట ఒకటి పాడుకున్నాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ బావ ఆలోచించాడు. ఆయన ఆలోచించినప్పుడల్లా మా ఇంట్లో ఏదో ఒకటి వంకరపోతుంది.

"తప్పు ఏడున్నదో దొరికింది తమ్మీ. నడక మంచిగనే వచ్చింది. కండనే అడ్డం. కండ తగ్గాలె."

ఇంకొకరైతే, నడక కాలికి అతకలేదు కాబట్టి నడక మానేద్దాం అనుకుంటారు. మావాళ్ళు కాలిని నడకకు అతికించాలనుకున్నారు. మా ఆయన కుడి కాలికి తొడ నుంచి మడమ దాకా సాగే పట్టీ బిగించి చుట్టారు. ఇక మంచం దిగొద్దన్నాడు బావ. ఎంత పడుకుంటే అంత మంచిదట. ఆ రోజే పెరట్లో నేను నాటుకున్న జామ మొక్కను చూసి, ఇది కూడా ఒరుగుతుందేమో అని, వెదురు బొంగు ఒకటి పాతి, మొక్కను కింది నుంచి పైదాకా నైలాన్ తాడుతో బొంగుకు బిగించి కట్టిపోయాడు. ఆయనకు కట్టడమంటే ఇష్టం.

ఆ పెరట్లోనే, గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే కాలువ పక్కన, ఎవరూ వెయ్యని జామ మొక్క ఇంకొకటి ఉంది. ఏ పిట్టో తిని వేసిన గింజ అయి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గాలికి అటూ ఇటూ ఊగేది, ఎంగిలి నీళ్ళు తాగేది.

ఎండాకాలం అంతా మా ఆయన మంచం మీదే గడిపాడు. పట్టీ విప్పి కొలుచుకునేవారు ఇద్దరూ, కాలు ఎంత సన్నబడిందో. బావ చేతి వేళ్ళతో చుట్టి చూసి, "వస్తున్నది, వస్తున్నది," అనేవాడు, పిందె ఎదుగుతున్నట్టు.

ఎండాకాలం పోతూ పోతూ ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మట్టి గుట్టల మీది దుమ్మంతా కాలనీ మీదికి వచ్చి పొద్దుండగానే చీకటైంది. రేకులు ఎగిరిపడ్డాయి. గాలి తగ్గాక పెరట్లోకి పోయి చూశాను. వెదురు బొంగు మొదట్లో చెదలు తిని ఉంది, విరిగిపడింది. దానికి కట్టిన జామ మొక్క దాంతో పాటే పడిపోయింది. తాడు కోసి నిలబెడితే నిలబడలేదు, తడిబట్టలా నడిమికి వంగిపోయింది. అంత ఎత్తు పెరిగింది గానీ మొదలు నా చిటికెన వేలంత లేదు. కాలువ పక్కది మాత్రం నాలుగాకులు రాల్చుకుని అట్లాగే ఉంది. దాని మొదలు బొటనవేలి కంటే లావు.

ఇక్కడ నేను ప్రకృతి నేర్పిన పాఠం అని మొదలుపెడితే ఆ మైకు మనిషికీ నాకూ తేడా ఉండదు. మొక్క ఎవరికీ పాఠాలు చెప్పదు. దాని బతుకు అది బతుకుతుంది. నేను చూసింది బొంగుని. ఆ బొంగు కట్టిన చేతుల్ని గుర్తుపట్టాను, అంతే.

మర్నాడు బాయి దగ్గర హాజరు రాసే టైం ఆఫీసులో పనిచేసే మా పక్క లైన్ తమ్ముడు వచ్చి కబురు చెప్పాడు. "అక్కా, అన్నను ఈ నెలలోపట డ్యూటీల చేరమను. హాజరు మస్టర్లు లేకుంట చాన దినాలైంది. చేరకుంటె పేరు కొట్టేస్తరు. ఆ తర్వాత ఎవ్వరు ఏం చెయ్యలేరు."

పేరు కొట్టేస్తే ఆయనకు ఉద్యోగం లేదు. కొడుకుకు వచ్చే ఉద్యోగమూ లేదు. ఈ క్వార్టరూ లేదు. ఆ మాట విని మా ఆయన మొదటిసారి భయపడ్డాడు. పట్టీ విప్పేశాడు. మంచం మీంచి కాళ్ళు కింద పెట్టి లేచాడు. కుడి మోకాలు మడత పడింది, తొట్టి పక్కన కూలబడ్డాడు.

నేను నవ్వాను. అంత బాగా ఎప్పుడూ పడలేదు అనుకున్నాను.

"నవ్వకే," అన్నాడు. "కాలు వస్తలేదు."

"ఏ కాలు?"

"కుడిది. నిజంగనే."

చెయ్యి తొడ మీద పెట్టుకుని ఉన్నాడు. ఈసారి ఎవరూ పెట్టమనలేదు. దాని కింద కాలు నా కాలిలాగే ఉంది, సన్నగా, తెల్లగా. దేవుడు నాకు ఇచ్చింది ఆయన కష్టపడి సంపాదించుకున్నాడు.

కంపెనీ దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ చూసి, జబ్బు లేదు, వాడకపోయేసరికి కండ పోయింది, నడిస్తే వస్తుంది, నడవకపోతే రాదు అంది. అంతకంటే పొట్టి ప్రసంగం నేను వినలేదు. ఆమెకు దండం పెట్టి వచ్చాను.

ఇంటికి రాగానే ఆయన మంచం ఎక్కాడు. నేను వెదురు బొంగు ముక్కలు, వాటితో పాటు ఆయన చేతి కట్టె తీసుకుపోయి నీళ్ళ పొయ్యిలో పెట్టాను.

"నా కట్టె ఏది?"

"నీ స్నానానికి నీళ్ళు కాగినయి. లేచి పోసుకో."

ఆ పూట నుంచి మంచం దగ్గరికి పళ్ళెం పోవడం ఆగిపోయింది. అన్నం వంటింట్లో, నీళ్ళు కుండలో, కుండ గడప పక్కన. మొదటి రోజు మధ్యాహ్నం దాకా పంతం పట్టి పడుకున్నాడు. ఆకలి పంతం కంటే పాతది. గోడ పట్టుకుని వచ్చాడు.

నేను అన్నం పెట్టాను. బాగా వచ్చావని అనలేదు. తన తిండికి తాను నడిచి రావడం మెచ్చుకోవాల్సిన పని అని నాకెవరూ నేర్పలేదు.

తెల్లవారి లేపి లైన్ వెనక మట్టి దారిలోకి తీసుకుపోయాను.

"ఎట్ల నడువాలె?" అన్నాడు, పసిపిల్లాడిలా.

"నన్నడిగితే? నాకొచ్చింది ఒక్కటే నడక. అది నీకు ముందే వచ్చు."

తల వంచుకున్నాడు. కాసేపు అట్లాగే ఉంచాను, ఆ మాట బాగా దిగాలని. తర్వాత చెప్పాను.

"కిందికి చూడకు. మొదలు మంచి కాలు. దాని మీద బరువు ఆన్చినంక రెండోది తే. దాన్ని తిట్టుకోకు, ఈడ్చకు. చేతనైనంతే అడుగు. దాని చేతనైంది అది చేస్తది."

నేను ముందు, ఆయన వెనక. పగటి షిఫ్టు వాళ్ళు సైకిళ్ళ మీద, బండ్ల మీద పోతూ చూస్తున్నారు. కుంటుతూ తిరిగినప్పుడు సిగ్గుపడని మనిషి నడవడానికి సిగ్గుపడుతున్నాడు. పక్కింటి వదినె వాకిలి ఊడుస్తూ ఆగింది.

"ఏం అన్నా, బోర్డు పోయినంక కాలు మొలుస్తున్నదా?"

ఆయన వెనక్కి తిరిగాడు, ఇంట్లోకి పోవడానికి. నేను జబ్బ పట్టుకున్నాను.

"వదినె, మీ ఆయనకు బీపీ వచ్చిందా?"

"ఏడ వచ్చింది. ఇంక రాలే."

"మంచిది. స్తోత్రం చెప్పుకో."

ఆమె చీపురు వేగంగా కదిలింది. మేము ముందుకు పోయాం. పడ్డాడు, లేచాడు. నేను లేపలేదు. కుంటికాలి దాన్ని, మనిషిని ఎత్తే బలం నాకు లేదు. ఉన్నా ఎత్తేదాన్ని కాదు.

కొన్ని రోజులకి గోడ వదిలి నా భుజం పట్టుకునే దాకా వచ్చాడు. భుజం వదలడం మాత్రం రాలేదు. నెల దగ్గరపడుతోంది. బాయిలో ఏటవాలు దారి దిగాలి, ఎక్కాలి. అక్కడ పట్టుకోవడానికి నా భుజం ఉండదు.

అప్పుడు బావ వచ్చాడు, వెంట తోటికోడలు అక్కను కూడా తీసుకుని. చేతిలో కొత్త వెదురు బొంగు, జామ మొక్కకట. పెరట్లో తమ్ముడు నా భుజం పట్టుకుని నిలబడటం చూసి మొహం మాడ్చాడు.

"ఏంది మరదలా గిది? నోటికాడికి వచ్చింది పాడు చేస్తున్నవ్. ఇప్పుడే కాలు మంచిగ సన్నబడ్డది. ఇంకొన్ని నెలలు పంటె ఏ డాక్టర్ కాదంటడు?"

"ఈ నెలల చేరకుంటె పేరు కొట్టేస్తరట బావా."

"కొట్టనియ్యి, మళ్ళ ఎక్కిపిస్త. నాకు తెలువదా? నేను గిట్లనే కాలే?"

బావ అన్‌ఫిట్ అయ్యి, కొడుక్కు ఉద్యోగం ఇప్పించుకుని చాలా కాలమైంది. రోజూ బజారుకు నడిచిపోతాడు. బియ్యం బస్తా భుజాన వేసుకుని వస్తాడు. పోయిన ఏడాది పెళ్ళి బరాత్‌లో బ్యాండు అలిసిపోయింది గానీ ఆయన అలిసిపోలేదు.

"బావా, మీది ఏ కాలు చెడిపోయింది?" అని అడిగాను.

"ఇగో," అని కుడి మోకాలి మీద చరుచుకున్నాడు. "గీ మోకాలే గద."

అక్క కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది, "ఎడమది గదయ్యా కాయితంల రాపిచ్చింది."

బావ రెండో మోకాలి మీద చెయ్యి వేశాడు. మళ్ళీ తీశాడు. రెండు మోకాళ్ళ మధ్య ఆ చెయ్యి ఎటూ పోలేక గాలిలో ఉండిపోయింది.

మా ఆయన నవ్వాడు. ఏడాది నుంచి ఆ మనిషి నవ్వగా వినలేదు. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. "అన్నా, నీ కాలు ఏదో నీకే యాదికి లేదు. నాది కట్టేసినవ్ గదనే." పొట్ట పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. నా భుజం ఎప్పుడో వదిలేశాడు. పెరటి మధ్యలో ఏమీ పట్టుకోకుండా నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు, చెబితే పడతాడేమో అని.

"బావా, ఆ బొంగు ఇటియ్యండి," అన్నాను. ఇచ్చాడు. నీళ్ళ పొయ్యికి ఇంకో రెండు రోజుల కట్టె.

నెలలోపే చేరాడు. ఆ పొద్దున సైరన్ కంటే ముందే లేచి, మంచం మీద కూర్చుని చాలాసేపు కాళ్ళు చూసుకున్నాడు. చెయ్యి పెట్టి ఏమన్నా అన్నాడో లేదో నాకు తెలియదు, అడగలేదు. డ్యూటీ బూట్లు తొడుక్కుని పోయాడు. గేటు దగ్గర నిలబడి చూశాను. తిన్నగానే పోతున్నాడు గానీ, దారి ఎత్తు ఎక్కే చోట కుడి చెయ్యి తొడ మీద పడింది. ఆ రోజంతా నేను పని చేసుకుంటూనే ఉన్నాను, గిన్నెలు గలగలమన్నప్పుడల్లా ఆగుతూ.

కొడుకు మాత్రం మొహం వేలాడేసుకుని, ఎలక్ట్రికల్ షాపులో పనికి కుదిరాడు. కుదిరినందుకు వాడికి కోపం. నాకేం లేదు. రెండు చేతులూ రెండు కాళ్ళూ పనిచేసే మగపిల్లవాడి కోపం వినడానికి నాకు తీరిక లేదు.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. కళ్ళూ పళ్ళూ తప్ప అంతా బొగ్గే. గుమ్మంలో కూలబడి అన్నాడు, "నీళ్ళియ్యే."

"కుండ ఆడనే ఉన్నది."

లేచాడు. ముంచుకుని తాగాడు. ఇంకో గ్లాసు ముంచి నా దగ్గర పెట్టాడు. ఆ గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు.

"ఏమే, ఎక్కేటప్పుడు చెయ్యి గిట్ల తొడ మీదికే పోతున్నది. ఎట్ల మాన్పుడు?"

"నాకే మానలేదు. నన్నడుగుతున్నవా?"

సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాను. ఆయన రెండు కాళ్ళకూ చెప్పాను. పేరు తెలియని ఆ డాక్టర్‌కు, పొట్టి ప్రసంగం చేసిన డాక్టరమ్మకు చెప్పాను. కాలువ పక్క జామ మొక్కకు కూడా. బావ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. చాలాసేపే ఆగాను. తర్వాత ఆయనకూ చెప్పాను, ఒక్క ముక్కలో, ఎంతవరకు తప్పదో అంతవరకు.